పాత ఇంటి బేస్‌మెంట్‌లో ఊట: ప్రాజెక్టు డైరీ

మార్చి, మొదటి శనివారం

ఇల్లు 1954లో కట్టింది. న్యూజెర్సీలో ఎడిసన్ పక్కన, ఆ రోజుల్లో వరసపెట్టి లేపేసిన చిన్న కేప్ కాడ్ (ఏటవాలు కప్పు) ఇళ్ళలో ఒకటి. పైన చెక్క ఇల్లు, కింద ఏడడుగుల ఎత్తు బేస్‌మెంట్. బేస్‌మెంట్ గోడలు పోత కాంక్రీటువి కావు, బోలు సిమెంటు దిమ్మెలవి. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, ఒక్కో దిమ్మెలో రెండు ఖాళీ గదులు. ఇది ముందే రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. పోత గోడకు పగులొస్తే పగులు ఉన్నచోటే నీళ్ళు కనిపిస్తాయి. దిమ్మెల గోడలో అలా ఉండదు. బయట ఎక్కడో పైన దూరిన నీళ్ళు ఆ ఖాళీ గదుల్లోంచి జారి, అడుగు వరస నిండాక, తమకు వీలైన చోట బయటపడతాయి. తడి ఉన్నచోటే కన్నం ఉందనుకోవడానికి లేదు.

ప్రస్తుతానికి తడి రెండు చోట్ల ఉంది. వెనక వైపు ఎడమ మూల, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా. ఇంకోటి కుడి గోడ, వాషింగ్ మెషిన్ వెనక, గోడా నేలా కలిసే గీత వెంబడి. గోడంతా తెల్ల వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి ఉంది. మాకు అమ్మిన వాళ్ళు అమ్మకానికి ముందు వేయించారని అనుమానం. అది ఇప్పుడు పొక్కులు పొక్కులుగా లేచింది. పొక్కు గిల్లితే లోపల తెల్లటి ఉప్పు పొడి. గోడలోంచి వచ్చే నీళ్ళు సిమెంటులోని లవణాలను కరిగించుకుని వస్తాయి, నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పే పెయింట్‌ను వెనక నుంచి తోసి లేపుతుంది.

రెండు కంపెనీల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఒకరు 14 వేల డాలర్లు, ఇంకొకరు 19 వేలు. ఇద్దరూ చెప్పింది ఒకటే: లోపల నాలుగు గోడల చుట్టూ నేల పగలగొట్టి, కంకరలో కన్నాల పైపు వేసి, గుంత తీసి, అందులో చేరే నీళ్ళను బయటికి తోడే సంప్ పంప్ పెట్టాలి. ఆ పద్ధతిలో తప్పేం లేదు, చాలా ఇళ్ళకు అదే దిక్కు. కానీ ఇద్దరిలో ఒక్కరు కూడా ఇంటి బయటకు వచ్చి చూడలేదు. గోడకు చెమ్మ మీటర్ ఆనించి, అంకె చూపించి, కాగితం చేతిలో పెట్టారు. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చెప్పకుండా ఎటు పంపాలో చెప్పడం నాకు రుచించలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బేస్‌మెంట్ నేలలో ముప్పాతిక భాగం 9 అంగుళాల చదరపు పలకలు. ఆ కాలపు 9 అంగుళాల పలకల్లోనూ, వాటి కింద నల్లటి జిగురులోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. కదపకుండా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు, పగలగొడితే దుమ్ము లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేల పగలగొట్టే ముందు టెస్ట్ చేయించాలి, ఉందని తేలితే తీయించడానికి వేరే ఖర్చు. వచ్చిన ఇద్దరూ ఆ పలకల మీద నిలబడే మాట్లాడారు, ఆ మాట మాత్రం ఎత్తలేదు. వాషింగ్ మెషిన్ ఉన్న భాగం మాత్రం ఉత్త సిమెంటు నేల. ఇది గుర్తుపెట్టుకోవాలి.

మార్చి, రెండో వారం

గోడకు గడియారం పెట్టాను. అంటే, వాన మొదలైన టైము, తడి కనిపించిన టైము రెండూ పెన్సిల్‌తో గోడ మీదే రాయడం. తడి అంచు చుట్టూ గీత గీసి పక్కన టైము.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది: ఇది నిజంగా బయటి నీళ్ళేనా, లేక గదిలోని గాలి చల్లటి గోడకు తగిలి పట్టే చెమటా? రెండడుగుల ప్లాస్టిక్ షీటు ముక్కను ఆరిన గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేశాను. గది వైపు చెమ్మ పడితే గాలిలో తేమ, గోడ వైపు పడితే గోడలోంచి వచ్చేది. రెండు చోట్లా గోడ వైపే పట్టింది. జులైలో చేసి ఉంటే రెండు వైపులా పట్టి తికమక పెట్టేది. మార్చి చలిలో ఆ గొడవ లేదు.

ఈ వారం పెద్ద వాన ఒకటి పడింది. ఎడమ మూల అరగంట తిరక్కుండానే తడిసింది. వాన ఆగిన కాసేపటికి అదీ ఆగింది. కుడి గోడ మాత్రం వాన పడుతున్నంతసేపూ పొడిగా కూర్చుంది. మర్నాడు సాయంత్రం, బయట ఎండ కాస్తుంటే, మెల్లగా గీత వెంబడి ఊరడం మొదలుపెట్టింది. మొదలైతే ఇక ఆగదు, రెండు మూడు రోజులు అలా ఊరుతూనే ఉంటుంది.

అరగంటలో వచ్చే నీళ్ళు చూరు నీళ్ళో, పైమట్టి మీద పారే నీళ్ళో అయి ఉండాలి. ఒకరోజు ఆగి వచ్చేవి భూమిలో ఇంకి, నీటిమట్టం పెరిగి, అడుగు నుంచి తోసుకొచ్చేవి. అంటే ఇంట్లో ఉన్నవి రెండు వేరు వేరు రోగాలు. రెండింటికీ ఒకే మందు రాసిన కాగితాలు రెండూ పక్కన పెట్టేశాను.

గోడ బలం కూడా చూశాను. ఈ మూల నుంచి ఆ మూలకు పురికొస లాగి గోడ ఎక్కడైనా లోపలికి ఉబ్బిందా అని కొలిచాను. లేదు. దిమ్మెల గోడకు నడుం ఎత్తున అడ్డంగా పొడుగాటి పగులు కనిపిస్తే మాత్రం అది నీళ్ళ సమస్య కాదు, బయటి మట్టి గోడను తోస్తోందని అర్థం. అప్పుడు సిమెంటు సంచీ పక్కన పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. మా ఎడమ మూలలో ఉన్నది అతుకుల వెంబడి మెట్లు మెట్లుగా దిగే సన్నటి పగులు. రెండు వైపుల దిమ్మెలూ ఒకే మట్టంలో ఉన్నాయి. పగులు రెండు కొసల దగ్గరా గీత గీసి తేదీ వేశాను, పాకుతుందేమో చూడాలి.

మార్చి, చివరి ఆదివారం

బయట చూడ్డం. ఎడమ మూలలో, కప్పు అంచున వాన నీళ్ళు పట్టే గట్టర్ నుంచి దిగే డౌన్‌స్పౌట్ గొట్టం నేల మీద ఆగకుండా నేరుగా భూమిలోకి పోతుంది. దూరే చోట ఎర్రటి కాల్చిన మట్టి గొట్టం మూతి కనిపిస్తుంది. పక్కింటి పెద్దాయన ఈ వీధిలోనే పుట్టి పెరిగాడట. కంచె మీదుగా వంగి చూసి, "అవి ఇక్కడ అన్ని ఇళ్ళకూ ఉండేవి, మా నాన్న మాది అరవైల్లోనే మూసేశాడు" అన్నాడు. ఆ గొట్టం చివర ఎక్కడ తేలుతుందని అడిగితే నవ్వాడు.

లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంది. వెనక వైపు కప్పు దాదాపు 600 చదరపు అడుగులు. ఒక అంగుళం వాన పడితే ఆ కప్పు మీద చేరేవి 370 గ్యాలన్లు, అంటే 1,400 లీటర్లు. రెండు డౌన్‌స్పౌట్లు చెరి సగం అనుకున్నా ఈ మూలకు 700 లీటర్లు. మన ఊళ్ళో ఇంటింటికీ వేసే 20 లీటర్ల వాటర్ క్యాన్లయితే 35. పునాది పక్కన ఒక అంగుళం వానకే ముప్పై అయిదు క్యాన్లు గుమ్మరించినట్టు. ఈ రాష్ట్రంలో ఏడాదికి పడేది 40 అంగుళాల పైచిలుకు.

హోస్ పైపుతో పరీక్ష పెట్టాను. దీనికో పద్ధతుంది: ఒకసారి ఒక్క చోటే పోయాలి, కింది నుంచి పైకి వెళ్ళాలి. గట్టర్‌తో మొదలుపెడితే కింద అన్నీ తడిసి దొంగ ఎవరో దొరకడు. మొదట గోడ పక్క మట్టి మీద చాలాసేపు సన్నగా వదిలాను. మా ఆవిడ కింద టార్చి పట్టుకుని కూర్చుంది. "ఏం లేదు" అంది. తర్వాత హోస్ తీసి మట్టి గొట్టంలో పెట్టాను. పది నిమిషాలు కూడా కాలేదు. "ఆపండి, ఆపండి! కారుతోంది!" అని కింద నుంచి కేక.

ఎడమ మూల దొంగ దొరికినట్టే.

ఏప్రిల్, మొదటి వారం

తవ్వే ముందు 811కు ఫోన్ చేయాలి, భూమిలో ఏ లైన్లున్నాయో గుర్తు పెట్టించే నంబరు అది. ఇది మర్యాద కోసం కాదు, చట్టం. న్యూజెర్సీలో మూడు పని దినాల ముందు చెప్పాలి. ఫీజు లేదు. వాళ్ళు చెబితే ఆ లైన్ల కంపెనీల వాళ్ళు వచ్చి నేల మీద రంగులు చల్లి జెండాలు గుచ్చి పోతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నీలం మంచినీళ్ళు, ఆకుపచ్చ మురుగు, నారింజ టెలిఫోన్, కేబుల్. మా పసుపు గీత నేను తవ్వుదామనుకున్న చోటికి నాలుగడుగుల దూరంలో పోయింది. ఆ జెండా చూశాక పలుగు వేసే చేతికి దానంతట అదే జాగ్రత్త వచ్చింది.

సాయానికి ఆఫీసు తమ్ముడొచ్చాడు, ఖమ్మం పిల్లోడు, జిమ్ము మానేసి ఇది చేస్తానన్నాడు. ఇక్కడి మట్టి ఎర్ర బంకమట్టి, మధ్యలో ఎర్ర పలకరాయి ముక్కలు. పార దిగదు, దిగితే ఊడిరాదు. అడుగున్నర లోతు దాటాక మట్టి రంగు మారింది. బూడిద రంగు, బురద వాసన. అంటే ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచిన చోటన్నమాట.

గొట్టం రెండడుగుల లోతులో దొరికింది. అడుగు అడుగున్నర పొడవు మట్టి గొట్టాలను ఒకదాని మూతిలో ఒకటి దూర్చి అతికారు. మొదటి వంపే, అంటే పై నుంచి దిగి పక్కకు తిరిగే మూలే, రెండు ముక్కలై ఉంది. పగిలిన చోటికీ పునాది గోడకీ మధ్య నా అరచేయి పట్టేంత సందు. గొట్టం లోపల జుట్టు ముడిలాగా వేళ్ళ గుత్తి ఒకటి, పక్కనున్న మేపుల్ చెట్టుదే అయ్యుంటుంది. వేళ్ళు పట్టుకు లాగితే మూరెడు పొడవున ఒక్క ముద్దగా బయటికి వచ్చింది, దాంట్లో కప్పు మీది షింగిల్స్ నుంచి రాలిన నల్ల ఇసక, ఆకులు, ఒక ప్లాస్టిక్ సిపాయి బొమ్మ. తమ్ముడు ఆ బొమ్మను కడిగి కిటికీలో నిలబెట్టాడు.

"అన్నా, ఇదే గొట్టం బాగుచేద్దామా?"

"వద్దు తమ్ముడూ. ఆ చివర ఎటు పోతుందో తెలియని దానికి ఈ చివర బాగుచేసి ఏం లాభం."

పాత గొట్టం మూతిని సిమెంటుతో పూడ్చేశాం. గుంత మూడడుగుల దగ్గరే ఆపాను. పునాది అడుగు దాకా పోవాలంటే ఏడడుగులు పైనే తవ్వాలి. అయిదడుగులు దాటిన గుంతలోకి పక్కలకు ఊతం లేకుండా మనిషి దిగకూడదు, తడి బంకమట్టి పెళ్ళ ఊడి మీద పడితే లేపడానికి టైముండదు.

ఏప్రిల్, రెండో శనివారం

బయటి గోడ కనిపించిన మేర కడిగి, బ్రష్ కొట్టి చూస్తే అతుకుల్లో సున్నం సిమెంటు వేలితో గీకితే రాలుతోంది. గీకి తీసి కొత్త సిమెంటు కూరాం, దాని మీద అర అంగుళం గార, ఆరాక ఆస్ఫాల్ట్ పూత రెండు చేతులు, పైన బుడిపెల ప్లాస్టిక్ షీటు. ఇదంతా మూల దగ్గర కనిపించిన ముక్కకే. గోడంతా చేసినట్టు కాదు.

కొత్త లైను 4 అంగుళాల గట్టి పీవీసీ, కన్నాలు లేనిది. ముడతల నల్ల పైపు చవకే, వంచుకోవడానికి వీలే, కానీ ముడతల్లో ఆకులు పట్టి రెండేళ్ళకు మూసుకుపోతుంది. రసమట్టం పెట్టి అడుగుకు పావు అంగుళం వాలు ఇచ్చాం. ఇంటికి పద్నాలుగు అడుగుల దూరంలో పెరటి పల్లంలో, నీళ్ళొస్తే మూత తెరుచుకుని తగ్గితే మూసుకునే ఎమిటర్‌కు కలిపాం. పక్కింటి వాళ్ళ వైపు పారకుండా చూసుకున్నాను. మన నీళ్ళు వాళ్ళ పెరట్లోకి తోలితే ఇక్కడా గట్టు తగాదాలే.

పూడ్చే దగ్గర తమ్ముడికీ నాకూ వాదన అయింది. గోడ పక్కన పైదాకా కంకర పోస్తే నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి కదన్నా అన్నాడు. చాలామంది పోస్తారు కూడా. అడుగున ఆ నీళ్ళను పట్టుకుపోయే కన్నాల పైపు ఉంటే అది సరే. లేకపోతే చుట్టూ బంకమట్టి, మధ్యలో కంకర, అంటే పునాది పక్కన మనమే చేత్తో తొట్టి కట్టి వాన నీళ్ళు నింపుకున్నట్టు. తీసిన బంకమట్టినే అరడుగు చొప్పున పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ పోశాం. బంకమట్టి నీళ్ళను దిగనివ్వదు, గోడ పక్కన మనకు కావలసిన గుణం అదే. పైన, మొదటి పదడుగుల్లో ఆరు అంగుళాల పల్లం వచ్చేట్టు సరిచేశాం. ఇక్కడి ఇళ్ళ కోడ్‌లో ఉన్న కొలతే అది. గోడ బయట కొట్టిన చెక్క పలకలకు (సైడింగ్) మట్టి తగలకుండా అర అడుగు కిందే ఆపాం, లేకపోతే నీళ్ళు తప్పించి చెదలకు నిచ్చెన వేసినట్టవుతుంది.

ఏప్రిల్, మూడో వారం

లోపలి ఎడమ మూల. ముందు ఆ తెల్ల పెయింట్ పోవాలి. ఇళ్ళ రంగుల్లో సీసం (లెడ్) 1978లో నిషేధించారు, ఇది అంతకు ముందు ఇల్లు కాబట్టి లెడ్ టెస్ట్ కిట్‌తో చూస్తే పై తెల్ల పొరలో లేదు, అడుగునున్న పాత ఆకుపచ్చ పొరలో ఉంది. కాబట్టి పొడిగా గీకడం, సాండింగ్ మిషన్ పెట్టడం కుదరదు. పిల్లల్ని పైనే ఉంచి, కింద ప్లాస్టిక్ పరిచి, సన్నటి దుమ్మును కూడా ఆపే పీ100 మాస్కు పెట్టుకుని, నీళ్ళు చిలకరిస్తూ చేతి గీకుడు. విసుగొచ్చే పని. దీని గురించి ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు.

పగులు పూడ్చడం బాగుంది. ఉలి, సుత్తి పట్టుకుని మెట్ల పగులు వెంట అంగుళం వెడల్పు, అంగుళం లోతు గాడి తీశాను. గాడి లోపల వెడల్పుగా, బయట ఇరుకుగా ఉండాలి. బయట వెడల్పు లోపల ఇరుకు అయితే పెట్టిన సిమెంటును నీళ్ళు వెనక నుంచి బిరడాలా తోసేస్తాయి. దుమ్మంతా వాక్యూమ్‌తో లాగి, గాడిని బాగా తడిపాను. హైడ్రాలిక్ సిమెంటు పొడి గుప్పెడు మాత్రమే తీసుకుని గట్టి ముద్దగా కలిపాను. ఎక్కువ కలిపితే వృథా, అయిదు నిమిషాల్లో రాయి. ముద్ద గ్లౌజులో ఉండగానే వెచ్చబడటం తెలుస్తుంది. ఆ వెచ్చదనం మొదలైనప్పుడే గాడిలో కూరి అరచేతితో నొక్కి పట్టాలి. అరచేతి కింద మెత్తగా ఉన్నది కాసేపటికి గట్టిపడి, కొంచెం ఉబ్బి చేతిని వెనక్కి నెట్టినట్టనిపిస్తుంది. అప్పుడు వదిలి, తాపీ అంచుతో మట్టంగా గీసేయాలి. కింది నుంచి పైకి ఒక్కో ముద్దే పెట్టుకుంటూ పోయాను.

కంపెనీ వాళ్ళలో ఒకాయన పగుల్లోకి పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ మందు ఇంజెక్షన్ కూడా చేస్తామన్నాడు. పోత గోడ పగుళ్ళకు అది మేలైన పద్ధతి. బోలు దిమ్మెల్లో ఎక్కిస్తే ఆ మందు పగులు వదిలేసి ఖాళీ గదులు నింపుకుంటూ పోతుంది.

ఏప్రిల్, చివరి ఆదివారం

కుడి గోడ. ఇది బయట నుంచి ఆపలేను. ఆ పక్కనే మా సిమెంటు డ్రైవ్‌వే, ఆ పైన ఎత్తున పక్క స్థలం. పై నుంచి దిగే ఊట అంతా ఇటే. బయట ఏడడుగులు తవ్వాలంటే డ్రైవ్‌వే పగలగొట్టాలి.

నాన్నకు వీడియో కాల్‌లో గోడ చూపించాను. ఆయన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ఓవర్సీర్‌గా చేసి రిటైరయ్యారు. ఫోను గోడ వెంట తిప్పమని, రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశారు.

"ఇది మట్టిని ఆపే గోడే కదరా. దీనికి వీప్ హోల్స్ ఏవి?"

"ఇల్లు కదా నాన్నా, గోడకు కన్నాలు ఎవరు పెడతారు?"

"ఇల్లైతే నీళ్ళకు తెలుస్తదా? కాలువ లైనింగ్ వెనక నీళ్ళు నిలిచినయనుకో, కాలువ ఖాళీ చేసిన రోజున ఆ లైనింగ్ పలకలు పగిలి పైకి లేస్తయి. అందుకే కన్నాలు పెట్టి బయటికి వదులుతం. నువ్వేమో ముందూ వెనకా రంగేసి బిగించి పెట్టినవు."

"రంగు నేనెయ్యలేదు నాన్నా, అమ్మినోళ్ళు వేశారు."

"ఎవరేస్తే ఏంది. గోడ లోపల నీళ్ళు నిండి ఉన్నయి. ముందు అవి తియ్యి."

అడుగు లోతు నీళ్ళు అడుగున చదరపు అడుగుకు 62 పౌండ్ల ఒత్తిడి పెడతాయి. గోడ వెనక నాలుగడుగులు నిలిస్తే 250 పౌండ్లు. లోపలి పెయింట్ ఆ ఒత్తిడిని ఆపలేదు, దిమ్మెల గదుల్లో నీళ్ళు మూసి పెట్టడం తప్ప.

హ్యామర్ డ్రిల్లుకు అర అంగుళం బిట్ పెట్టి అడుగు వరసలో, నేలకు అంగుళం ఎత్తున కన్నం వేశాను. బిట్ ఒకటిన్నర అంగుళం దిగాక ఒక్కసారిగా వదులైంది. బయటికి లాగగానే టీ డికాక్షన్ రంగు నీళ్ళు సన్నటి ధారగా కొట్టాయి. పాత ఇనుము వాసన. బయట వారం రోజులుగా చుక్క వాన లేదు. ఆ ధార తగ్గి బొట్లకు దిగేలోపు తడి వాక్యూమ్ తొట్టి ఖాళీ చేసి రావాల్సి వచ్చింది. దిమ్మెకు రెండు గదులు కాబట్టి దిమ్మెకు రెండు కన్నాలు. మధ్యలో గోడ ఉంటుంది, ఒక గదిలోంచి పక్క గది నీళ్ళు రావు. కొన్ని గదుల్లోంచి ఏమీ రాలేదు, కొన్ని చాలాసేపు కారాయి.

నాన్నకు వీడియో పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు.

మే, మొదటి వారం

గోడలోంచి వచ్చిన నీళ్ళు ఎటైనా పోవాలి కదా. నేల పగలగొట్టకుండా, కన్నాల ముందు నేలకు అతికించే బోలు ప్లాస్టిక్ చానల్ ఒకటి దొరుకుతుంది, చూడ్డానికి గోడ కింద స్కర్టింగ్ పట్టీలా ఉంటుంది. ఎపాక్సీతో నేలకు అతికించి, లోపల పారే నీళ్ళను గుంత దాకా తీసుకెళ్ళాలి. ఉత్త సిమెంటు నేల కాబట్టి ఈ గోడకు కుదిరింది. ఎపాక్సీ పట్టాలంటే నేల పొడిగా, గరుకుగా ఉండాలి, అందుకే కన్నాలు వేశాక వారం ఆగి, హీటర్ పెట్టి ఆరబెట్టాకే అతికించాను.

గుంతకు బ్రేకర్ మిషన్ అద్దెకు తెచ్చి వాషింగ్ మెషిన్ మూలలో రెండడుగుల లోతు తవ్వాను. ప్లాస్టిక్ తొట్టి దించి, చుట్టూ కంకర, లోపల 1/3 హార్స్‌పవర్ పంపు. పైకి ఒకటిన్నర అంగుళం పీవీసీ, పంపు ఆగగానే పైపులో నీళ్ళు మళ్ళీ గుంతలోకి దిగకుండా చెక్ వాల్వ్. చెక్ వాల్వ్ కింద, పైపుకు చిన్న కన్నం ఒకటి వేయాలి, లేకపోతే గాలి ఇరుక్కుని పంపు తిరుగుతూనే ఉంటుంది గానీ నీళ్ళు లేవవు. ఈ ముక్క పంపు డబ్బాలో కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది. నీళ్ళు బయట పెరట్లోకే, మురుగు లైనుకు కలపకూడదని టౌన్‌షిప్ రూలు. కరెంటు పాయింటు ఎలక్ట్రీషియన్‌తో వేయించాను, తడి నేల మీద ఆ ప్రయోగాలు నాకొద్దు.

పంపుకు బ్యాటరీ కూడా కొన్నాను. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుఫాను మిగులు వచ్చినప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. ఇటు న్యూజెర్సీలోనూ ఎన్నో బేస్‌మెంట్లు మునిగాయి. న్యూయార్క్‌లో బేస్‌మెంట్ గదుల్లో మనుషులే పోయారు. పంపు అవసరమయ్యే రాత్రే కరెంటు పోయే రాత్రి కూడా. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవడానికీ లేదు. మామూలు ఇంటి పాలసీలో భూమిలోంచి ఊరే నీళ్ళకు డబ్బులు రావు.

గుంత మూత గాలి చొరబడకుండా బోల్టులతో బిగించేది తెచ్చాను. నేలకు కన్నం పెట్టామంటే మట్టిలోంచి వచ్చే రేడియోధార్మిక రాడాన్ వాయువుకూ దారి పెట్టినట్టే, న్యూజెర్సీలో అది ఉన్న చోట్లు చాలానే. పనికి ముందోసారి, మూత బిగించాక ఇంకోసారి బొగ్గు కిట్‌తో పరీక్ష చేయించాను. రెండుసార్లూ లీటరు గాలికి 4 పికోక్యూరీల లోపే, అంటే ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ గీత గీసిన అంకెకు కిందే.

మే, మూడో వారం

అనుకున్న వాన వచ్చింది, రాత్రంతా. ఎడమ మూలకు టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను. పెన్సిల్ గీతలన్నీ పొడిగా ఉన్నాయి. పగులు కొసల గీతలు దాటి పాకలేదు. పెరటి చివర ఎమిటర్ మూత లేచి నీళ్ళు గడ్డి మీద పరుచుకుంటున్నాయి.

కుడి గోడకు మర్నాడు మధ్యాహ్నం నీళ్ళొచ్చాయి, రావాలి కూడా. చానల్‌లో సన్నగా పారుతున్న చప్పుడు, కాసేపటికి పంపు గర్రుమని లేచి ఆగడం. మా ఆవిడకు రాత్రి పూట ఆ చప్పుడు నచ్చలేదు. పంపు పైపు చెక్క దూలానికి తగిలే చోట రబ్బరు ముక్క పెట్టాక తగ్గింది. గోడ మీద తడి అంచు మాత్రం మార్చిలో గీసిన గీతకు బాగా కిందికి దిగింది. చానల్ ఒక అతుకు దగ్గర చిన్న చెమ్మ కనిపిస్తోంది, ఎండలు ముదిరాక తుడిచి మళ్ళీ ఎపాక్సీ పెట్టాలి.

ఖర్చు: పైపు, ఎమిటర్, పూత, షీటు కలిపి 310 డాలర్లు. చానల్, ఎపాక్సీ 420. పంపు, తొట్టి, మూత 290. బ్యాటరీ 400. ఎలక్ట్రీషియన్ 275. మిషన్ అద్దె, సిమెంటు, మాస్కులు, టెస్ట్ కిట్లు 190. మొత్తం 1,885. తమ్ముడి కూలీ మూడు పూటల బిర్యానీ, మన హోటళ్ళుండే ఓక్ ట్రీ రోడ్ రేట్ల ప్రకారం అది కూడా తక్కువేం కాదు.

గోడకు రంగు ఇప్పుడే వేయను. దిమ్మెల్లో ఉన్న చెమ్మ ఆరడానికి ఒక వేసవి పడుతుంది. అంతదాకా గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ నడుస్తూ ఉంటుంది, దాని నీళ్ళ గొట్టం కూడా సంప్ గుంతలోకే పెట్టాను, బకెట్ ఎత్తే పని లేదు. తేమ 50 శాతం దాటకుండా చూసుకుంటే చాలు.

మిగిలింది ముందువైపు కిటికీ గుంత, అంటే బేస్‌మెంట్ కిటికీకి వెలుతురు కోసం బయట నేలలో తీసిన గుంత. ఆ రాత్రి వానకు అందులో నాలుగు అంగుళాల నీళ్ళు నిలిచి కిటికీ చట్రం అంచు దాకా వచ్చాయి. అడుగున ఆకులు కుళ్ళి ముద్దయ్యాయి. వచ్చే శనివారం అది తోడేసి అడుగున కంకర వేయాలి. మూత కోసం కొలత తీశాను, 38 అంగుళాలు ఇంటూ 17, దుకాణంలో ఉన్నవన్నీ 40 అంగుళాలవే, కోయించుకోవాలి.